జీర్ణాశయ క్యాన్సరు - టీ-కణములు

జీర్ణాశయపు లోగోడను కప్పియుండు శ్లేష్మపు పొరయందు పుట్టు క్యాన్సరునకును, రోగనిరోధక వ్యవస్థలోని టీ-కణములకును గల సంబంధము రెండు ముఖములు గలది. క్యాన్సరు కణమును గుర్తించి చంపగల శక్తి టీ-కణములకు కలదు; ఇది యొక ముఖము. ఆ టీ-కణములే, క్యాన్సరు తలయెత్తుటకు ముప్పది నలువది యేండ్లు ముందుగనే, జీర్ణాశయమున తిష్ఠవేసిన ఒక సూక్ష్మజీవిని వెడలగొట్టలేక, వెడలగొట్టు యత్నమును మానలేక, ఆ ఫలింపని పోరుచే శ్లేష్మపు పొరను మెల్లమెల్లగా శిథిలమొనర్చి, క్యాన్సరునకు త్రోవ తీయును. ఇది రెండవ ముఖము. మొదటిదానిని గూర్చియే నేటి వ్రాతలు విరివిగా చెప్పుచుండుటచే రెండవది మరుగుపడుచున్నదిగాని, జీర్ణాశయము విషయమున రెండవది తెలియనిదే మొదటిది బోధపడదు.

ప్రపంచమున ఏటేట కొత్తగా బయటపడు క్యాన్సర్లలో జీర్ణాశయ క్యాన్సరు అయిదవది. మరణములను బట్టి లెక్కించినను అయిదవదియే. 2022 వ సంవత్సరపు అంచనాల ప్రకారము ఆ యేట సుమారు 9,68,000 మంది ఈ వ్యాధి పాలు కాగా, సుమారు 6,60,000 మంది మరణించిరి. జపాను, కొరియా, చీనా, మంగోలియా దేశములందును, దక్షిణ అమెరికాలోని ఆండీసు పర్వత ప్రాంతములందును ఇది మిక్కుటము. భారతదేశమున మొత్తముమీద తక్కువయే గాని, ఈశాన్యమున మిజోరామునందు దేశములో మరెచ్చటను లేనంత హెచ్చుగా నున్నది. ఈ క్యాన్సర్లలో నూటికి తొంబదికి పైగా శ్లేష్మపు పొరలోని గ్రంథికణములనుండి పుట్టునవి. ఫిన్లాండు దేశీయుడగు పెక్కా లౌరేన్ 1965 లో వీనిని రెండు తెగలుగా విభజించెను. కణములు గుంపుగట్టి గ్రంథులవంటి ఆకృతి దాల్చి, ప్రేగుపొరను పోలియుండునది ఆంత్రజాతి; కణములు ఒండొంటిని వీడి, గోడ పొడవునను చెదరి వ్యాపించునది విసరణజాతి. సూక్ష్మదర్శినిలో కనబడు రూపమును బట్టియే ఈ విభజన చేయబడినను, టీ-కణముల ప్రవర్తన ఈ రెంటియందును వేరువేరుగా నుండుట తరువాతి కాలమున తెలియవచ్చినది.

టీ-కణముల స్వరూపము

టీ-కణములు ఎముకల మూలుగునందు పుట్టి, రొమ్ముటెముక వెనుక నుండు థైమస్ గ్రంథియందు పక్వమగు తెల్ల రక్తకణములు. ఆ గ్రంథి పనికిమాలిన అవశేషమని వైద్యులు చాలకాలము తలచిరి. 1961 లో లండనునందు జాక్ మిల్లర్ అప్పుడే పుట్టిన చుంచెలుకలనుండి దానిని తొలగించి, అట్టి యెలుకలు అంటురోగములను తట్టుకొనలేకపోవుటను, తమపై నతికించిన పరాయి చర్మమును త్రోసివేయజాలకపోవుటను చూపిన పిదపగాని దాని ప్రయోజనము లోకమునకు తెలియలేదు. థైమస్‌లో పెరుగు కణములలో అత్యధికభాగము అచ్చటనే నశించును. స్వశరీరపు ద్రవ్యములను మిక్కిలి గట్టిగా పట్టుకొనునవియు, దేనిని పట్టుకొనజాలనివియు తొలగింపబడగా మిగిలిన కొద్దిపాటి కణములే రక్తమున ప్రవేశించును.

ప్రతి టీ-కణము పైనను దానికే ప్రత్యేకమైన ఒక గ్రాహకముండును. అయితే అది ఎదుటి కణపు లోపలి సంగతులను నేరుగా తెలిసికొనలేదు. కణమునందు తయారగు ప్రోటీనులు చిన్న తునుకలుగా ఖండింపబడి, హెచ్.ఎల్.ఏ. అను అణువుల గాడిలో నిమిడి, కణపు ఉపరితలమునకు వచ్చి నిలుచును. ఆ తునుకను, ఆ గాడిని కలిపి తాకియే టీ-కణము తన నిర్ణయమును చేయును. కాన్బెరా నగరమున పనిచేసిన రోల్ఫ్ జింకర్‌నాగెల్, పీటర్ డోహర్టీలు 1974 ప్రాంతమున ఈ సూక్ష్మమును కనుగొని, 1996 లో నోబెల్ బహుమానమును పొందిరి. క్యాన్సరు కణము తన హెచ్.ఎల్.ఏ. అణువులను పోగొట్టుకొన్నచో టీ-కణమునకు అది కనబడనే కనబడదు. ఈ చిన్న విషయము చికిత్సాప్రకరణమున పెద్దదగును.

సి.డి.8 అను గుర్తుగల టీ-కణములు సంహారకములు. వాని పనిని సజీవకణముల చలనచిత్రములందు చూచిన వారికి ఆ నిదానము ఆశ్చర్యము గొల్పును. సంహారకకణము ఎదుటి కణమును తాకి, దానిపై చదునుగా పరచుకొని, తనలోని విషపు రేణువులనన్నిటిని ఆ స్పర్శస్థానమువైపునకే త్రిప్పుకొనును. పెర్ఫోరిన్ అను ప్రోటీను ఎదుటి కణపు పొరలో రంధ్రములు చేయగా, గ్రాంజైములను ఎంజైములు లోనికి చొచ్చి, ఆ కణము తన్ను తాను కూల్చుకొను యంత్రాంగమును మేల్కొల్పును. కొద్దిసేపటిలో ఆ కణము బుడగలు బుడగలుగా చిట్లుచుండ, టీ-కణము ఏ గాయమును లేక విడివడి మరియొకదాని వెదకికొనుచు పోవును. సి.డి.4 గుర్తుగలవి సహాయకములు. ఇవి ఇంటర్‌ఫెరాన్-గామా మొదలగు సంకేతద్రవ్యములను స్రవించి తక్కిన కణములను పురికొల్పును. సహాయకములలో ఒక తెగ అందరిని అదుపులో నుంచునట్టిది. దీనిని నియంత్రక టీ-కణమందురు. 1995 లో జపానునందు షిమోన్ సకగూచి దీని యునికిని స్థాపించెను. మేరీ బ్రంకో, ఫ్రెడ్ రామ్స్‌డెల్ అను అమెరికనులు ఫాక్స్-పి3 అను జన్యువును పట్టుకొనగా, ఆ జన్యువే దీని మూలసూత్రమని తరువాత తేలెను. ఈ మువ్వురకును 2025 లో నోబెల్ బహుమానము లభించెను.

సూక్ష్మజీవియు, సుదీర్ఘ శోథయు

ఆరోగ్యవంతుని జీర్ణాశయపు పొరలో టీ-కణములు మిక్కిలి తక్కువ. ప్రేగులలోవలె ఇచ్చట లింఫు కణముల గూళ్లు సహజముగా నుండవు. అవి వచ్చినవనగా ఏదో యొకటి వానిని పిలిచినదని యర్థము. పిలిచినది చాలవరకు హెలికోబాక్టర్ పైలోరీ అను మెలిదిరిగిన బాక్టీరియము. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరమున రాబిన్ వారెన్, బారీ మార్షల్ అను వైద్యులు 1982 లో దీనిని ప్రయోగశాలలో పెంచగలిగిరి. ఆమ్లముతో నిండిన జీర్ణాశయమున ఏ సూక్ష్మజీవియు బ్రతుకజాలదను నమ్మకము అంతకుముందు ఎంత బలముగా నుండెనో, మార్షల్ తానే ఆ బాక్టీరియములు గల ద్రవమును త్రాగి శోథ తెచ్చుకొనవలసి వచ్చుటయే చెప్పుచున్నది. వారికి 2005 లో నోబెల్ బహుమానము వచ్చినది. అంతర్జాతీయ క్యాన్సరు పరిశోధనా సంస్థ 1994 లోనే ఈ బాక్టీరియమును మానవులలో క్యాన్సరు కలిగించు కారకముల మొదటి వర్గమున చేర్చినది. జపానున 1,526 మంది రోగులను సగటున 7.8 ఏండ్లు గమనించి 2001 లో ప్రకటించిన పరిశీలన ఈ విషయమున ప్రసిద్ధము: బాక్టీరియము సోకిన 1,246 మందిలో 36 మందికి జీర్ణాశయ క్యాన్సరు రాగా, సోకని 280 మందిలో ఒక్కరికిని రాలేదు.

బాక్టీరియము బాల్యమున సోకి, మందు పడనంతవరకు జీవితాంతము నిలుచును. దానిని గుర్తించి సహాయక టీ-కణములు వచ్చును. వానిలో ఇంటర్‌ఫెరాన్-గామాను స్రవించునవి, ఇంటర్‌ల్యూకిన్-17 ను స్రవించునవి ప్రధానములు. వాని పిలుపుపై స్థూలభక్షకకణములు, న్యూట్రోఫిలులు అను ఇతర తెల్ల రక్తకణములు పొరలోనికి చేరును. అయినను శత్రువు చావదు. అది శ్లేష్మములోనే యీదులాడుచు కణములకు దూరముగా నుండుట యొక కారణము. దాని యాయుధములు మరియొక కారణము. అది స్రవించు వాక్-ఏ అను విషము టీ-కణమున ఇంటర్‌ల్యూకిన్-2 పుట్టుకను అడ్డగించి, టీ-కణముల వృద్ధిని అణచును. అంతేగాక ఈ బాక్టీరియము సోకిన జీర్ణాశయకణములు పి.డి.-ఎల్1 అను అణువును తమపై ధరించి, తమను సమీపించు టీ-కణములను నిరుత్సాహపరచును. క్యాన్సరు తరువాతికాలమున వాడుకొను ఉపాయము ఈ దశయందే, క్యాన్సరు పేరైనను లేనప్పుడే, అభ్యాసమునకు వచ్చుట గమనింపదగినది.

ఇట్లు గెలుపోటములు లేక సాగు శోథ యొక నిర్దిష్టక్రమమున నడచునని కొలంబియా దేశమున జన్మించిన పెలాయో కొర్రేయా 1975 లో ప్రతిపాదించెను. మొదట పొరయంతయు వాచును. పిదప ఆమ్లమును స్రవించు గ్రంథులు క్షీణించును. వాని స్థానమున ప్రేగుపొర వంటి పొర మొలచును. అది క్రమముగా వికృతమై తుదకు ఆంత్రజాతి క్యాన్సరగును. ఈ క్రమమున టీ-కణముల పాత్ర యెంతటిదో 1999 లో ప్రకటింపబడిన యొక ప్రయోగము తేటతెల్లము చేసినది. హెలికోబాక్టర్ ఫీలిస్ అను సోదర బాక్టీరియమును మామూలు చుంచులకును, పుట్టుకతోనే టీ-కణములు లేని చుంచులకును ఎక్కించిరి. బాక్టీరియము రెంటియందును స్థిరపడినది. మామూలు చుంచుల జీర్ణాశయపు గ్రంథులు క్షీణించినవి. టీ-కణములు లేని చుంచులలో గ్రంథులు చెక్కుచెదరలేదు. అనగా పొరను చెరచినది కేవలము బాక్టీరియము కాదు, బాక్టీరియముపై టీ-కణములు నడపిన యుద్ధము.

మనుష్యులలోను దీనికి సాక్ష్యములు కలవు. కొలంబియాలోని నరీన్యో మండలమున ఆండీసు పర్వతముపై నున్న తూకెర్రెస్ పట్టణమునందును, పసిఫిక్ తీరమున నున్న తుమాకో పట్టణమునందును ఇంచుమించు పెద్దలందరికిని ఈ బాక్టీరియము సోకియే యుండును. అయినను కొండపైని వారికి క్యాన్సరు తీరవాసులకన్న సుమారు 25 రెట్లు హెచ్చు. తీరమున పిల్లలకు ప్రేగులలో నులిపురుగులు మెండు. నులిపురుగులు టీ-కణముల ధోరణిని ఉగ్రమైన శోథనుండి మరియొక దారికి మరలించునని, తత్ఫలితముగా జీర్ణాశయపు గ్రంథులు నిలుచునని 2000 లో చుంచులపై చేసిన ప్రయోగము సూచించినది. తీరవాసులలో ఆఫ్రికా సంతతి మిక్కిలి యగుటయు, మానవ వంశమునకును బాక్టీరియపు వంశమునకును కుదిరిన పొందికయు ఇందులో కారణములని తరువాతి పరిశోధకులు చెప్పిరి. ఏది యెంత పాలో తూచి చెప్పుట సులభము కాదు. భారతదేశమునను బాక్టీరియము సర్వసామాన్యమైయుండి క్యాన్సరు తక్కువగా నుండుట ఈ కోవకే చెందిన చిక్కుముడి. చిలీ దేశమున 2008 లో ప్రకటించిన పరిశీలనలో, బాక్టీరియము సోకిన పిల్లల జీర్ణాశయమున పెద్దలకన్న శోథ తక్కువగాను, నియంత్రక టీ-కణములు ఎక్కువగాను కనబడినవి. నియంత్రకములు ఈ దశయందు రక్షకములు. క్యాన్సరు పుట్టిన పిదప అవియే ద్రోహులగుట తరువాత చూడనగును.

ప్రసంగవశమున రెండు విషయములు చెప్పవలసియున్నవి. బాక్టీరియము ప్రసక్తి లేకయే టీ-కణములు జీర్ణాశయమును చెరచుటయు కలదు: ఆమ్లమును పంపు ఎంజైమును స్వశరీరపు సహాయక టీ-కణములే లక్ష్యముగా చేసికొన్నచో గ్రంథులు క్షీణించి, బి-12 విటమిను లోపముచే తీవ్రమైన పాండురోగము వచ్చును; అట్టివారికి జీర్ణాశయ క్యాన్సరు భయము హెచ్చు. రెండవది, జీర్ణాశయమున పుట్టు ఒక జాతి లింఫోమా, అనగా లింఫు కణముల క్యాన్సరు. దానిలో అదుపుతప్పి పెరుగునవి బి-కణములను వేరొక తెగ లింఫు కణములే యైనను, వానిని పెంచి పోషించునవి ఈ బాక్టీరియమును గుర్తించు టీ-కణములు. అందువలననే కొన్ని సందర్భములలో కేవలము యాంటీబయాటిక్ మందులతో బాక్టీరియమును తొలగించినంతమాత్రమున ఆ లింఫోమా కరగిపోవుట 1993 లో లోకమును విస్మయపరచినది.

క్యాన్సరు కణమును గుర్తించుట

క్యాన్సరు స్వశరీరమునుండి పుట్టినదే గనుక దానిని టీ-కణములు పరాయిదానిగా గుర్తించుట యెట్లను ప్రశ్న చిరకాలము పరిశోధకులను వేధించినది. మెక్‌ఫార్లేన్ బర్నెట్, లూయిస్ థామస్‌లు 1950 ల చివర, శరీరమున ఎప్పటికప్పుడు పుట్టు క్యాన్సరు కణములను రోగనిరోధక వ్యవస్థ నిఘావేసి తుదముట్టించుచుండునని ఊహించిరి. ఆ యూహ ఒకప్పుడు వెలవెలబోయి, 2001 లో రాబర్ట్ ష్రైబర్ బృందపు ప్రయోగములచే తిరిగి నిలదొక్కుకొనెను. నిఘాయే క్యాన్సరును మలచునని, సులభముగా గుర్తింపబడు కణములు చావగా గుర్తింపునకు లొంగనివి మిగిలి పెరుగునని వారు చూపిరి. మనకు కంటబడు క్యాన్సరంతయు ఈ వడపోతలో నెగ్గినదే.

గుర్తింపునకు ఆధారము ఉత్పరివర్తనములు. జన్యువు మారినప్పుడు ప్రోటీను మారును. మారిన తునుక హెచ్.ఎల్.ఏ. గాడిలో నిలిచినచో థైమస్‌లో ఎన్నడును చూడని వస్తువు టీ-కణపు కంటబడును. అమెరికాలో స్టీవెన్ రోజెన్‌బర్గు బృందము 2015 లో ప్రకటించిన దానిని బట్టి, వ్యాపించిన జీర్ణమార్గ క్యాన్సర్లు గల 10 మంది రోగులలో 9 మంది కణితులందు, వారి వారి స్వంత ఉత్పరివర్తనములను గుర్తించు టీ-కణములు లభించినవి. అయితే ఒకరి టీ-కణములు మరియొకరికి ప్రాయికముగా పనికిరావు. ఎవరి ఉత్పరివర్తనములు వారివే.

జీర్ణాశయ క్యాన్సర్లన్నియు ఈ విషయమున ఒక్కటి కావని 2014 లో 295 కణితుల జన్యుపరిశీలనచే స్థిరపడినది. వానిలో నూటికి 9 వంతులు ఎప్‌స్టీన్-బార్ వైరసు గలవి. 22 వంతులు డి.ఎన్.ఏ. దోషములను సరిదిద్దు యంత్రాంగము చెడినవి. 20 వంతులు జన్యుపరముగా స్థిరములు, వీనిలో విసరణజాతి మెండు. మిగిలిన సగము క్రోమోజోములు అస్తవ్యస్తమైనవి. టీ-కణముల దృష్టితో చూచినచో మొదటి రెండును ఒక లోకము, కడపటి రెండును మరియొక లోకము.

వైరసు గల కణితిని పలుచగా కోసి, రంగువేసి, సూక్ష్మదర్శిని క్రింద నుంచినచో, మొదట క్యాన్సరే కనబడదు. ఎటుచూచినను నీలిరంగు చుక్కలు, లింఫు కణములు, క్రిక్కిరిసియుండును. వాని నడుమ నడుమ లేతరంగు క్యాన్సరు కణముల గుంపులు ద్వీపములుగా తేలుచు, ఆ ద్వీపములలోనికిని నీలిచుక్కలు చొరబడుచుండుట నిదానించి చూచినగాని తెలియదు. అవి చాలవరకు సి.డి.8 సంహారకములు. ఇంతటి ముట్టడిలో క్యాన్సరు ఎట్లు బ్రతికియున్నదన్న ప్రశ్నకు జన్యుపరిశీలనయే సమాధానమిచ్చినది: ఈ కణితులలో కొన్నింటియందు 9 వ క్రోమోజోముపై పి.డి.-ఎల్1, పి.డి.-ఎల్2 జన్యువులు గల భాగము పలుమారులు ప్రతి తీయబడి, టీ-కణములను చల్లార్చు ఆ యణువులు విస్తారముగా తయారగుచున్నవి. వైరసు సైతము జాగరూకమే. ఈ కణితులలో అది తన ప్రోటీనులలో ఏ కొన్నిటినో తప్ప బయటపెట్టదు. వానిలో నొకటి తన్ను తునుకలుగా ఖండింపనీయని ఏర్పాటును తనలోనే కలిగియున్నది.

సరిదిద్దు యంత్రాంగము చెడిన క్యాన్సర్లలో ఉత్పరివర్తనములు వేలకు వేలు. జన్యువులో ఒక యక్షరము జారినచో, అచ్చుకూర్పులో ఒక యక్షరము తప్పి పంక్తియంతయు పక్కకు జరిగినట్లు, అచ్చటినుండి ప్రోటీను యావత్తును మారిపోవును. అట్టి వింత తునుకలు టీ-కణములకు పండుగ. ఈ తెగ వృద్ధులలోను, జీర్ణాశయపు క్రిందిభాగమునను హెచ్చు. వీనిలో శస్త్రచికిత్స తరువాత బ్రతుకువారు ఎక్కువ. అయినను ఇవియు తప్పించుకొను దారులు వెదకును, హెచ్.ఎల్.ఏ. అణువునకు ఊతగా నిలుచు బీటా-2 మైక్రోగ్లోబ్యులిన్ అను ప్రోటీను జన్యువును చెరచుకొనుట వానిలో నొకటి.

విసరణజాతి కణితి దీనికి పూర్తిగా భిన్నము. గోడయంతయు గట్టిపడి తోలుసంచివలె బిగిసియుండును. కోసి చూచినచో దట్టమైన నారలనడుమ, లోపలి శ్లేష్మముచే కేంద్రకము ఒక ప్రక్కకు ఒరిగిన ఉంగరపు రూపుగల కణములు ఒంటరిగా, జంటగా చెదరియుండును. టీ-కణములు కొద్ది, ఉన్నవియు నారలలోనే ఆగిపోవును. నారలను నేయు కణములు టి.జి.ఎఫ్.-బీటా అను ద్రవ్యమును స్రవించి వానిని లోనికి రానీయవు. ఈ జాతిలో తరచుగా కనబడు రో-ఏ అను జన్యువు ఉత్పరివర్తనమున కణితి స్వేచ్ఛా కొవ్వు ఆమ్లములను హెచ్చుగా తయారుచేయునని, సంహారకములకు గడ్డుకాలమైన ఆ వాతావరణమున నియంత్రక టీ-కణములు మాత్రము ఆ కొవ్వునే తిని బలియునని 2020 లో జపాను పరిశోధకులు ప్రకటించిరి. జీర్ణాశయ క్యాన్సరునందు టీ-కణములెన్ని యున్నవని లెక్కించుటతో తృప్తిపడు వ్రాతలు ఈ కారణముచేతనే నాకు అసంపూర్ణముగా తోచును. అవి ఏ తెగవి, ఏ తావున నున్నవి, ఏ స్థితిలో నున్నవి అనునవి సంఖ్యకన్న ముఖ్యములు.

అలసిన టీ-కణములు

లోనికి చేరిన సంహారకములును చిరకాలము పనిచేయజాలవు. ఎడతెగక శత్రువును తాకుచుండు టీ-కణము క్రమముగా శక్తి యుడిగి, పి.డి.-1 (పి.డి.-ఎల్1 వచ్చి పట్టుకొనునది దీనినే), టిమ్-3, లాగ్-3 అను నిరోధక గ్రాహకములను ధరించి, చంపు పనిని మానును. దీర్ఘకాలిక వైరసు వ్యాధులందు టీ-కణములు ఇట్లు అలసిపోవుటను 1998 లో చుంచులపై చూపిన పరిశోధకులలో రఫీ అహ్మద్ ముఖ్యుడు. హైదరాబాదున జన్మించి, ఉస్మానియా విశ్వవిద్యాలయమున చదివి, అమెరికాలోని ఎమొరీ విశ్వవిద్యాలయమున పరిశోధన సాగించిన ఈయన బృందమే, 2006 లో పి.డి.-1 మార్గమును అడ్డగించినచో అలసిన కణములు తిరిగి మేల్కొనునని నిరూపించెను. పి.డి.-1 ను మొట్టమొదట 1992 లో క్యోటోలో తసుకు హోంజో ప్రయోగశాలయందు కనుగొనిరి. హోంజోకును, టీ-కణపు మరియొక నిరోధక గ్రాహకముపై పనిచేసిన జేమ్స్ ఆలిసన్‌కును 2018 లో నోబెల్ బహుమానము లభించినది.

చికిత్స

జపాను, కొరియా, తైవానులలో, అప్పటికే రెండు లేక అంతకు మించిన చికిత్సలు విఫలమైన 493 మంది రోగులపై నివోలుమాబ్ అను పి.డి.-1 నిరోధకమును పరీక్షించి 2017 లో ఫలితములను ప్రకటించిరి. ఆయుష్షు మధ్యమ విలువ 4.14 నెలలనుండి 5.26 నెలలకు మాత్రమే పెరిగినది. ఒక నెల లాభమని పెదవివిరచుటకు ముందు మరియొక యంకెను చూడవలెను: ఏడాది గడచునప్పటికి మందు లేనివారిలో నూటికి 10.9 మంది బ్రతికియుండగా, మందు పొందినవారిలో 26.2 మంది బ్రతికియుండిరి. అనగా అందరికి కొంచెముగా గాక, కొందరికి విశేషముగా మేలు కలిగినది. ఆ కొందరు ఎవరన్నది 2018 లో సియోలునుండి వెలువడిన 61 మంది రోగుల పరిశీలన వెల్లడించినది. పెంబ్రోలిజుమాబ్ అను సోదర ఔషధముచే, సరిదిద్దు యంత్రాంగము చెడినవారిలో నూటికి 85.7 మంది కణితులు కుంచించుకొనిపోయినవి. వైరసు గల కణితులున్న ఆరుగురిలో ఆరుగురికిని అట్లే జరిగినది.

మామూలు కీమోథెరపీకి నివోలుమాబ్‌ను మొదటినుండియే జోడించి 1,581 మందిపై చేసిన పరీక్ష 2021 లో వెలువడినది, పి.డి.-ఎల్1 తగినంత గల కణితులున్నవారిలో మధ్యమ ఆయుష్షు 11.1 నెలలనుండి 14.4 నెలలకు పెరిగినది. అప్పటినుండి ఇది వ్యాపించిన వ్యాధికి ప్రధాన చికిత్సలలో నొకటియైనది. హెర్-2 అను ప్రోటీను హెచ్చుగా గల కణితులలో, ఆ ప్రోటీనునే పట్టుకొను ట్రాస్టుజుమాబ్ అను మందునకును, కీమోథెరపీకిని పెంబ్రోలిజుమాబ్‌ను జోడించుటయు ఫలించినది. టీ-కణములకు కళ్లెము విడిచినచో అవి క్యాన్సరును మాత్రమే కరచునన్న నియమము లేదు. థైరాయిడు, పెద్దప్రేగు, ఊపిరితిత్తులు, చర్మము శోథకు గురియగుట కద్దు. అంతకన్న విపరీతమైనది, ఈ మందుచే క్యాన్సరు అమితవేగమున పెరుగుట. సుమారు నూటికి పదిమందిలో కనబడిన ఈ యనర్థమునకు, పి.డి.-1 ను ధరించిన నియంత్రక టీ-కణములు సైతము కళ్లెము వీడి విజృంభించుటయే హేతువని 2019 లో జపాను పరిశోధకులు సూచించిరి.

శస్త్రచికిత్సలో కణితితో పాటు చుట్టునున్న లింఫు గ్రంథులను తీసివేయుట జపాను శస్త్రవైద్యులు తీర్చిదిద్దిన పద్ధతి. క్యాన్సరు వాని ద్వారా వ్యాపించును గనుక అది ఆవశ్యకము. కాని టీ-కణములకు క్యాన్సరును పరిచయముచేయు తావులును అవియే. అందుచే కణితియు గ్రంథులును యథాస్థానమున నుండగనే టీ-కణములను మేల్కొల్పవలెనను తలపు కలిగినది. ఫ్రాన్సునందు సరిదిద్దు యంత్రాంగము చెడిన క్యాన్సరు గల 32 మందికి కత్తి పెట్టుటకు ముందు నివోలుమాబ్‌ను, ఇపిలిముమాబ్ అను మరియొక నిరోధకమును ఇచ్చిరి. తరువాత శస్త్రచికిత్స పొందిన 29 మందిలో 17 మంది జీర్ణాశయమును కోసి వెదకినను ఒక్క సజీవ క్యాన్సరు కణము దొరకలేదు.

ఇక హెచ్.ఎల్.ఏ. అణువులను పోగొట్టుకొని దాగుకొన్న క్యాన్సరును పట్టుటకు వేరొక మార్గము. రోగి టీ-కణములను వెలికి తీసి, హెచ్.ఎల్.ఏ. తోడు లేకయే ఎదుటి కణపు ఉపరితలమును నేరుగా పట్టుకొను కృత్రిమ గ్రాహకమును వానియందు జొనిపి, పెంచి, తిరిగి ఎక్కింతురు. దీనికి లక్ష్యముగా నెన్నుకొనబడినది క్లాడిన్ 18.2 అను ప్రోటీను. ఆరోగ్యవంతమైన శరీరమున ఇది ఇంచుమించు జీర్ణాశయపు పొరలో మాత్రమే, అదియు కణముల కీళ్లసందుల మరుగున నుండును. క్యాన్సరులో కీళ్లు వీడుటచే బయటపడును. చీనాలో, రెండు చికిత్సలైనను విఫలమైన 156 మంది రోగులపై చేసిన పరీక్ష 2025 లో ప్రకటింపబడినది. గట్టి కణితులపై ఇట్టి కణచికిత్సను మామూలు మందులతో యాదృచ్ఛిక పద్ధతిన సరిపోల్చిన తొలి పరీక్ష ఇదియే. వ్యాధి ముదురకుండ నిలిచిన కాలపు మధ్యమ విలువ 1.77 నెలలనుండి 3.25 నెలలకు, ఆయుష్షు 5.49 నెలలనుండి 7.92 నెలలకు పెరిగినది. కణములను పొందిన వారిలో ఇంచుమించు అందరికిని సంకేతద్రవ్యముల ఉద్రేకముచే జ్వరము వచ్చినది, చాలవరకు అది తీవ్రము కాలేదు. కొందరికి ఆరోగ్యముగా నున్న జీర్ణాశయపు పొరయు ఆ కణముల వాతబడి పుండుపడెను.